అడవికి పోవువాని కత్తి

పల్నాటి సీమలో నాగులేటి ఒడ్డునగల కారెంపూడి గ్రామమున ప్రతి సంవత్సరము కార్తీక మాసపు అమావాస్యనాడు వీరుల ఉత్సవము ఆరంభమగును. 12వ శతాబ్ది చివరి భాగమున జరిగిన పల్నాటి యుద్ధములో మడిసిన వీరుల గుర్తుగా, వీరాచారమును పాటించు కుటుంబములవారు తాము భద్రపరచుకొన్న ఆయుధములను పలు తావులనుండి తీసికొని వత్తురు. వీనిని కొణతములందురు. నాగులేటి నీటిలో వీనికి స్నానము చేయించి, అలంకరించి, ఐదు దినములపాటు పూజింతురు. ఈ ఆయుధములకు పదును ఉన్నదా లేదా అని ఎవరును చూడరు. వాని పని 800 సంవత్సరముల క్రిందటనే ముగిసినది.

ఆ ఊరి పొలిమేరలోనే మేకలను తోలుకొని గుట్టలవైపు పోవు కాపరియొద్ద మరియొక కత్తి ఉండును. దానికి పూజ లేదు, కథ లేదు. అది రేగుకంపను నరకవలెను. మేకకు తుమ్మకొమ్మ వంచి కోయవలెను. కాలిలో విరిగిన ముల్లు తీయవలెను. మధ్యాహ్నము ఉల్లిపాయ తరుగవలెను. సాయంకాలమునకు మొద్దుబారినచో వాగులోని రాతిమీద నూరుకొన్నంతనే మరల పదునెక్కవలెను. యుద్ధపు కత్తి జీవితములో ఒకటి రెండు దినములు పనిచేసిన చాలును. పనికత్తికి సెలవు లేదు. లోహమును గూర్చి మానవుడు నేర్చిన విద్యను పరీక్షింపవలెనన్న, ఈ రెండవ కత్తియే తగిన పరీక్ష.

తెలుగులో కత్తులకున్న పేర్లను చూచినచో ఈ ఎన్నిక ఎంత నిశితముగా జరిగినదో తెలియును. ఇరువైపుల అంచు కలిగి పొడుచుటకు పనికివచ్చునది బాకు. బరువుగా ఉండి నరకుటకు ఉద్దేశింపబడినది మచ్చుకత్తి. లోనికి వంగి పైరు కోయునది కొడవలి. వంటయింట కాలితో త్రొక్కిపట్టి కాయను అంచుకు ఆనించి కోయునది కత్తిపీట. మడిచి జేబులో వేసికొనునది చాకు. పల్నాటి కథలో ప్రఖ్యాతమైన కోడిపందెమునకు సంబంధించిన చిన్న కత్తిని కూడ చేర్చినచో జాబితా ఇంకను పెరుగును. కాని దానిని ఎన్నుకొనువాడు ఒకడు, ధరించునది మరియొకటి కనుక ఇచ్చట విడిచిపెట్టుట న్యాయము. వీనిలో అడవికి పోవువానికి చాకు పనికిరాదు. మడతకీలు ఎంత గట్టిదైనను చీలమీద తిరుగునది. కొమ్మను నరకునపుడు దెబ్బ యొక్క భారమంతయు ఆ చీలమీదనే పడును. కత్తి అలుగు పిడిలోనికి దిగి, పిడితో ఏకమై నిలిచినపుడే దెబ్బకు ఆగును.

అలుగును పిడిలో నిలుపుట లోహము పుట్టకముందే తెలిసిన విద్య. పల్నాటికి ఉత్తరపు హద్దున కృష్ణలోయలోగల నాగార్జునకొండలో, సాగరపు జలాశయమున ముంపునకు గురి కానున్న ప్రదేశమును 1954 మొదలు 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యము ఆధ్వర్యమున పురాతత్త్వశాఖవారు త్రవ్విరి. ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి శిథిలములే గాక, అంతకు ఎన్నో వేల ఏండ్ల పూర్వపు రాతి పనిముట్లు కూడ ఆ లోయలో లభించినవి. మొట్టమొదటివి క్వార్ట్‌జైటు అను గట్టి రాతిని చెక్కి చేసిన చేగొడ్డళ్ళు. వానికి పిడి లేదు. అరచేతిలో పట్టుకొని కొట్టవలెను. తరువాతి కాలపు సూక్ష్మశిలా పరికరములు గోటియంత రాతి పలుకులు. వానిని కొయ్యలోగాని ఎముకలోగాని గాడి తీసి వరుసగా పొదిగి, చెట్టుజిగురుతో బిగించుట అనేక దేశములలో గల పద్ధతి. ఒక పలుకు ఊడినచో ఆ ఒక్కదానినే మార్చుకొనవచ్చును. నూతన శిలాయుగమున డోలరైటు రాతిని నూరి, నున్నజేసి, పిడికి తగిలించు గొడ్డళ్ళు వచ్చినవి. రాతి అంచు పదునులో లోహమునకు తీసిపోదు. దాని లోపము వేరు: రాయి వంగదు, విరుగును. విరిగిన దానిని మరల అతుకుటకు వీలులేదు.

ఇనుము ఈ లోపమును తీర్చెను గాని, మరియొక చిక్కును తెచ్చిపెట్టెను. దక్షిణాపథమున బృహచ్ఛిలా సమాధులను త్రవ్విన చోటులనెల్ల ఇనుప కత్తులు, బాకులు, ఈటెమొనలు, గొడ్డళ్ళు లభించుచున్నవి. ఇవన్నియు కరగించి పోసినవి కావు. పూర్వపు కొలిమిలో ఖనిజమును బొగ్గుతో కలిపి తిత్తులతో ఊదినపుడు, బొగ్గునుండి పుట్టిన వాయువు ఖనిజములోని ఆమ్లజనిని హరించును. ఇనుము ద్రవము కాక, స్పంజివలె బొరియలుగల ముద్దగా మిగులును. చిట్టెము కరగి కారిపోవును. ఆ ముద్దను ఎఱ్ఱగా ఉన్నపుడే సమ్మెటలతో మోది, మిగిలిన చిట్టెమును పిండివేయుదురు. నూజివీడు ప్రాంతమునగల రమణక్కపేటలో ఇట్టి కొలుములను బెంజమిన్ హైన్ అను వైద్యుడు చూచి 1795లో వర్ణించెను. ఈ విధముగ లభించు ఇనుము మంచిదే, కాని మెత్తనిది. దానితో చేసిన కత్తి వంగును, తిరిగి చక్కబడును, ఎన్నటికిని విరుగదు. కాని నాలుగు కొమ్మలు నరకునప్పటికి అంచు మడతపడును.

మెత్తని ఇనుమునకును ఉక్కునకును భేదమేమి? కమ్మరి ఈ భేదమును చేతితో ఎరుగును. దాని కారణమును రసాయనశాస్త్రము 18వ శతాబ్ది చివర గాని కనుగొనలేదు. 1786లో ఫ్రాన్సు దేశస్థులైన వాండర్‌మాండ్, బెర్తొలే, మోంజ్ అను మువ్వురు ఈ భేదమునకు కారణము కర్బనమని నిరూపించిరి. నూటికి పదవవంతు పాలు కర్బనమైనను లేని ఇనుము మెత్తగా ఉండును. నూటికి అరపాలు చేరినచో గట్టి ఉక్కగును. ఒకటిన్నర పాళ్ళు చేరినచో మిక్కిలి గట్టిదై, అజాగ్రత్తగా వాడినచో పెళుసుదనము చూపును. మూడు నాలుగు పాళ్ళు చేరినది పోతయినుము. అది సమ్మెటక్రింద నలుగదు, పగిలిపోవును. ఇంత చిన్న భేదము ఇంత పెద్ద మార్పు తెచ్చుట లోహశాస్త్రములోని వింతలలో ఒకటి.

కర్బన మెంతయున్నదను ప్రశ్నతోపాటు, దానిని ఎట్లు చల్లార్చిరను ప్రశ్న కూడ ఉన్నది. దీనిని మూడు కుట్టుసూదులతో తరగతిలో చూపవచ్చును. ఒక సూదిని పటకారుతో పట్టి సారాయి దీపముపై ఎఱ్ఱగా కాల్చి, గాలిలో మెల్లగా చల్లారనీయవలెను. అది తీగవలె వంగును. రెండవదానిని అట్లే కాల్చి, ఎఱ్ఱదనము పోకముందే నీటిలో ముంచవలెను. దానిని గుడ్డలో చుట్టి వంచినచో గాజువలె పుటుక్కున విరుగును. గుడ్డ లేనిదే ఈ పని చేయరాదు, ముక్క కంటికి తగులును. మూడవదానిని కూడ నీటిలో ముంచి, గరుకు కాగితముతో మెరయునట్లు రుద్ది, మంటకు కొంత ఎడముగా పట్టవలెను. సూదిపై మొదట గడ్డిరంగు, పిదప ఊదా, ఆపైన నీలము కనిపించును. గడ్డిరంగు సుమారు 220 డిగ్రీలకును, నీలము సుమారు 300 డిగ్రీలకును గుర్తు. నీలము రాగానే తీసివేసినచో ఆ సూది వంచిన వంగును, విడిచిన నిలుచును. కాలిన ఉక్కులో కర్బన పరమాణువులు ఇనుప పరమాణువుల నడుమ కరగియుండును. హఠాత్తుగా చల్లార్చుటచే అవి వెలికి పోవుటకు వ్యవధిలేక చిక్కుకొని, స్ఫటికమును బిగదీయును. ఈ స్థితికి మార్టెన్‌సైట్ అని పేరు. మరల కొంచెము కాచుటచే ఆ బిగువు సడలును. పల్లెకమ్మరికి మార్టెన్‌సైట్ పేరు తెలియకున్నను, అంచుపై పరుగెత్తు రంగును చూచి ఏ క్షణమున నీటిలో పెట్టవలెనో తెలియును. ఉష్ణమాపకము లేని చోట రంగే ఉష్ణమాపకము.

ఇంతవరకు చెప్పినదానినిబట్టి, ప్రపంచమున శ్రేష్ఠమైన ఉక్కు తెలుగునాటనే పుట్టినపుడు పల్నాటి కాపరికి అంతకంటె మంచి కత్తి వేరే ఏల అని తోచవచ్చును. అది విచారింపదగిన ప్రశ్న.

నిర్మలకు సమీపమున, నిజామాబాదు సీమలో కోనసముద్రమను గ్రామము కలదు. లాంబ్టన్ నడపిన భూమికొలతల సంస్థలో వైద్యుడును భూగర్భశాస్త్రజ్ఞుడునైన హెన్రీ వోయిసీ ఇచ్చటి ఉక్కు పరిశ్రమను కన్నులార చూచెను. ఆయన 1824లో మరణింపగా, ఆయన వర్ణన 1832లో బెంగాలు ఆసియాటిక్ సొసైటీ పత్రికలో ప్రకటింపబడెను. మూసలు కాలుటకు తట్టుకొను మట్టితో చేయబడెడివి. వేర్వేరు చోటుల ఖనిజమునుండి తీసిన రెండు జాతుల ఇనుమును వానిలో కలిపి, మూసి, రాత్రింబవళ్ళు తిత్తులు ఊది కరగించెడివారు. ఒక ఇనుములో కర్బన మెక్కువ, రెండవదానిలో తక్కువ. రెండును కరగి కలిసినపుడు నడుమనున్న పాళ్ళు కుదిరెడివి. మూసను మెల్లగా చల్లార్చి పగులగొట్టినచో చిన్న ఉక్కు బిళ్ళ దొరకెడిది. ఇస్ఫహాన్ నుండి వచ్చిన ఒక పారశీక వర్తకుడు ఆ కొలుములవద్దనే యుండి, ఉక్కును కొనుచు, తూకము చూచుచుండుటను వోయిసీ గమనించెను. కూర్చున్నచోటికి సరుకు తెప్పించుకొనక, వేల మైళ్ళు ప్రయాణము చేసి కొలిమిముందు నిలిచిన ఆ వర్తకునికి లోహపు విలువ తెలియును. 17వ శతాబ్దిలోనే ఫ్రెంచి యాత్రికుడు తవెర్నియె గోలకొండ ఉక్కునకు మాత్రమే నీటిచాళ్ళవంటి రేఖలు తేలునని వ్రాసియుండెను.

ఉక్కు అను మాటయే ఐరోపాకు పోయి ఊట్జ్ అని మారెననుట పలువురి అభిప్రాయము. 1794లో బొంబాయినుండి హెలెనస్ స్కాట్ అను వైద్యుడు కొన్ని బిళ్ళలను లండను రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌నకు పంపెను. జార్జి పియర్సన్ వానిని పరీక్షించి 1795లో వ్యాసము చదివెను. కమ్మరి కుమారుడైన మైకేల్ ఫారడే, విద్యుత్తు పరిశోధనలకు పేరుగాంచుటకు ముందు, 1819లో ఈ ఉక్కును విశ్లేషించి, కత్తుల తయారీదారు జేమ్స్ స్టొడార్ట్‌తో కూడి దానికి సాటివచ్చు మిశ్రలోహములకై యత్నించెను. అల్యూమినియము, సిలికాలు దీని శ్రేష్ఠతకు కారణమని ఆయన భావించుట పొరపాటు. పారిస్ టంకశాలలోని బ్రెయాన్ 1823 నాటికి కర్బనాధిక్యమే మూలమని గ్రహించెను. రేఖలెట్లు ఏర్పడునన్న ప్రశ్న మరి 175 ఏండ్లు మిగిలిపోయెను. 1998లో అమెరికాలో వెర్‌హోవెన్ అను ఆచార్యుడు, పెండ్రే అను కమ్మరి తమ సహచరునితో కలిసి ప్రకటించిన వ్యాసములో, ఖనిజమునుండి వచ్చిన వెనేడియమువంటి మూలకములు లక్షకు కొన్ని పాళ్ళున్నను చాలునని, కాచి కొట్టు ప్రతి పర్యాయము వానిని ఆశ్రయించి ఇనుప కార్బైడు కణములు వరుసలు తీరునని చూపిరి. గనులు మారి ఆ మూలకములు లోపించుటచే ఈ విద్య క్షీణించియుండునని వారి ఊహ. ఆచార్యుడు సూక్ష్మదర్శినియొద్ద, కమ్మరి సమ్మెటయొద్ద నిలిచి జంటగా చేసిన పరిశోధన గనుక ఇది అందరికిని మెచ్చదగినది.

ఇక ప్రశ్నకు వత్తము. ఈ ఉక్కులో కర్బనము నూటికి ఒకటిన్నర పాళ్ళ ప్రాంతమున ఉండును. దానిని మోదుటకు వేడి ఒక మితములో నుండవలెను. ఐరోపా కమ్మరులు తమకు అలవాటైన తెల్లని వేడికి తెచ్చి సమ్మెట వేయగా అది పొడిపొడి అయ్యెను. పల్లెకొలిమిలో అంత అదుపు కష్టము. అదియునుగాక ధర. వర్తకుడు వెండితో కొను బిళ్ళను మేకలకాపరి దేనితో కొనును? కత్తికి కావలసిన గుణము కూడ వేరు. ఎండిన చండ్రకొమ్మలోని ముడికి తగిలి అంచు కొంచెము మడతపడినచో రాతిమీద సరిచేసికొనవచ్చును. బెత్తెడు ముక్క ఎగిరిపోయినచో కత్తియే పోయినట్లు.

గ్రామకమ్మరి దీనికి కనుగొన్న ఉపాయము చక్కనిది. అలుగంతయు మెత్తని ఇనుముతో చేసి, అంచుకు మాత్రము ఉక్కు ముక్కను కాచి అతికించుట. గొడ్డలికి ఉక్కు వేయించుట అని పల్లెలలో వినిపించు మాట దీనినే చెప్పును. వీపు దెబ్బను భరించును, అంచు పదునును నిలుపును. అరిగిన పిమ్మట మరల ఉక్కు వేయించుకొనవచ్చును. శ్రేష్ఠమైన ఉక్కు పూర్తిగా విదేశములకే పోయెననుట సరికాదు. మైసూరు ప్రాంతమున మూసయుక్కు రాతిపనివారి ఉలులకు వాడబడుటను 1800 ప్రాంతమున బుకానన్ చూచెను. ఖరీదైన దానిని కొంచెముగా, కావలసిన చోటనే వాడుటలోనే నేర్పు ఉన్నది. జపాను దేశపు ఖడ్గములలోను, స్కాండినేవియా వడ్రంగుల కత్తులలోను ఇట్టి అతుకే కనిపించును.

ఇంకొక సంగతి. ఆ కత్తిని చేసిన కమ్మరి ఆ ఊరివాడే. కల్లమువద్ద పంట నూర్చినపుడు మేర కొలిపించుకొనువాడు. ఈ ఏడు చేసిన కత్తి వంగినదని కాపరి తెచ్చి ముందు పడవేయును. వచ్చు ఏడు కమ్మరి దానిని మరికొంత పదునుపట్టించును. పిడి పిడికిలికి పెద్దదైనచో చెక్కి ఇచ్చును. అలుగు చివరి తోకను కాచి తుమ్మపిడిలోనికి దింపి, లక్క పోసి, పొన్ను బిగించును. కత్తి ఎన్నిక అంగడిలో ఒక దినమున ముగియునది కాదు. ఇద్దరు మనుష్యుల నడుమ ఏండ్ల తరబడి సాగు బేరము.

ఈ బేరము లేనివారు అడవిలో నుండిరి. పల్నాటి పశ్చిమపు అంచులలోను, నల్లమలలోను నివసించు చెంచులు ఇనుమును కరగించువారు కారు. 1940లో అమ్రాబాదు పీఠభూమిపై వారితో నివసించి, 1943లో వారిని గూర్చి గ్రంథము ప్రకటించిన ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్, వారి సొత్తంతయు మోసికొనిపోగలిగినంతయే అని వర్ణించెను: గడ్డలు త్రవ్వు ఇనుపమొన కర్ర, గొడ్డలి, కత్తి, విల్లు, అమ్ములు. వీనిలో ఇనుప భాగములన్నియు మైదానములనుండి, తేనెకును అడవి సరుకులకును మారుగా వచ్చినవే. అట్టివానికి కత్తి పోగొట్టుకొనుట ఎట్టి నష్టమో పట్టణవాసికి బోధపడదు. క్రొత్తది కావలెనన్న తేనె తీయు కాలము వరకు ఆగవలెను. తేనెకై కొండకొమ్మునుండి త్రాటిపై దిగవలెను. వెదురు నరకు కత్తి వేగముగా అరుగును. వెదురు పైతొక్కలో ఇసుకలోనిదే యగు సిలికా ఉండుట దీనికి కారణము. కనుక చెంచు ఎన్నిక మెరుపును చూచునది కాదు. తేలికయా, ఒకే కత్తి పది పనులకు వచ్చునా, కొండవాగు రాతిమీద పదునెక్కునా అన్న మూడు ప్రశ్నలలో అది తేలిపోవును.

19వ శతాబ్దిలో ఇంగ్లండునుండి ఓడలలో వచ్చిన చౌకయినుము పల్లెకొలుములను చల్లార్చెను. అడవి చట్టములచే బొగ్గునకు కట్టెలు దొరకుట కష్టమయ్యెను. కోనసముద్రపు మూసలు కూడ ఆరిపోయినవి. మిగిలినవి చిట్టెపు దిబ్బలు, మూసల పెంకులు. 2010లో బెంగుళూరులోని జాతీయ ఉన్నతాధ్యయన సంస్థవారు, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయమువారు కలిసి ఉత్తర తెలంగాణ పల్లెలలో ఈ దిబ్బలను వెదకి గుర్తించిరి. కొలిమి ఎవరిదో, ఏ పాళ్ళలో కలిపెడివాడో చెప్పు కుటుంబములు అప్పటికే ఆ వృత్తిని విడిచి పలు తరములైనది.

అయినను కమ్మరి నిలిచినాడు. అతడు ఉక్కునకై ఇప్పుడు కోనసముద్రమువైపు చూడడు. పాత లారీ కమాను పట్టీలను కొనును. ఆ పట్టీలలో కర్బనము నూటికి అరపాలు మొదలు ఆరు పదవవంతుల వరకు ఉండును. లక్షల గతుకులపై వంగి తిరిగి నిలుచుటకై చేసిన ఉక్కు గనుక, అడవికత్తికి కావలసిన గుణములే దానిలో ఉన్నవి. అంచుకు వేరే ఉక్కు అతుకనక్కరలేదు. అయితే నూనెలోగాని నీటిలోగాని ముంచిన పిదప మరల కాచుట మరువరాదు. వీపును నీలమువరకు రానిచ్చి, అంచును గడ్డిరంగు దగ్గర ఆపిన కమ్మరి పాత అతుకు కత్తి గుణమునే ఒకే లోహములో సాధించినవాడగును. ముంచుటకు తగిన వేడి వచ్చినదా అని తెలిసికొనుటకు అయస్కాంతము సాయపడును. సుమారు 770 డిగ్రీలు దాటిన ఇనుమును అయస్కాంతము ఆకర్షింపదు.

తుప్పుపట్టని ఉక్కును 1913లో షెఫీల్డునగరమున హ్యారీ బ్రియర్లీ తయారుచేసెను. నూటికి 12 పాళ్ళకు తక్కువ గాకుండ క్రోమియము చేర్చుటచే పైన ఏర్పడు పలుచని పొర గాలిని, తేమను లోనికి పోనీయదు. పండ్లు, చేపలు కోయువానికి అది మేలు. కాని చౌకరకపు మెరుపు కత్తులు పలుచనివి. రాతిమీద త్వరగా పదునెక్కవు. వానలో తడిసినదానిని తుడిచి, చుక్క నూనె రాయు ఓపిక ఉన్నవానికి కర్బనపు ఉక్కే అనుకూలము. బేరమాడునపుడు మూడు పరీక్షలు చాలును. అలుగును గోటితో మీటినచో బీటలేని ఉక్కు ఖంగున మ్రోగును. ఆకురాయి అంచుపై అతికష్టముగా కరచినచో పదును సరిగా పట్టినట్లు. వెన్నవలె కోసినచో కత్తి మెత్తనిది, అసలే జారిపోయినచో పెళుసు. పిడిని గట్టిగా పట్టి కొయ్యపై వీపుతో కొట్టినపుడు లోపల కదలిక వినపడరాదు.

పరిమాణమును గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. 1959 నాటి ఆయుధముల చట్టముక్రింద ఏర్పడిన నియమములు 9 అంగుళములకంటె పొడవుగాని, 2 అంగుళములకంటె వెడల్పుగాని గల అలుగును ఆయుధముల పట్టికలో చేర్చినవి. ఇంటిపనికి, వ్యవసాయమునకు, శాస్త్రమునకు, పరిశ్రమకు ఉద్దేశించి చేసినవానిని ఆ పట్టికనుండి మినహాయించినవి. మాచెర్ల సంతలో ప్రక్కప్రక్కన పరచిన కొడవలి, మచ్చుకత్తి ఈ మినహాయింపు క్రిందికి వచ్చునవే. కాపరి నడుమునగల కత్తి ఆరు అంగుళములు మించుట అరుదు. చట్టము తెలిసి అట్లు చేయించుకొన్నది కాదు. అంతకంటె పొడవైనది కూర్చున్నపుడు తొడకు గ్రుచ్చుకొనును.